హాంకాంగులో ఆదివారపు తేనీటి విందు

మనము తేయాకనియు, తేనీరనియు పలుకు మాటలలోని 'తే' చీనాదేశపు మాట. ఆ దేశమున ఫూకియన్ తీరమువారు ఆ యాకును 'తె' యందురు. కాంటను ప్రాంతమువారు 'ఛా' యందురు. ఓడలమీద వచ్చిన పేరు తేయాకయ్యెను. పారసీక హిందూస్థానీ భాషల మీదుగా మెట్టదారిని వచ్చిన పేరు చాయ్ అయ్యెను. ఒకే యింటిలో తాతగారు తేనీరనియు, మనుమడు చాయ్ అనియు అడుగుచుండగా, రెండును చీనావారి నోటనుండి వెడలినవే యని మనకు తోపదు.

'ఛా' యని పలుకు పట్టణములలో హాంకాంగు ముఖ్యమైనది. అచట 'యమ్ ఛా' యనగా తేనీరు త్రాగుట యని యర్థము. కాని 'ఆదివారము యమ్ ఛాకు రండు' అని యెవరైన పిలిచినప్పుడు, త్రాగుటకే గదా యని ఇంట కడుపునిండ తిని పోరాదు. తేనీటితో కూడ చిన్న వెదురుబుట్టలలో పదులకొలది పలహారములు వచ్చును. వానికి డిమ్ సమ్ అని పేరు. హృదయమును తాకునవి యని ఆ పేరునకు అర్థము చెప్పుదురు.

పూర్వము కాంటను నగరమున కూలివారును వర్తకులును ప్రొద్దున్నే తేనీటిశాలకు పోయి, ఒక గిన్నెడు తేనీరును రెండు పలహారములును తీసికొని పనికి పోవుచుండిరి. 'ఒక గిన్నె, రెండు ముక్కలు' అను నానుడి యిప్పటికిని ఆ ప్రాంతమున నున్నది. ఆ యాచారమే హాంకాంగునకు వచ్చినది. 1933లో ఆ పట్టణమున స్థాపింపబడిన లుక్ యూ తేనీటిశాలకు, ఎనిమిదవ శతాబ్దిలో తేయాకును గూర్చి గ్రంథము వ్రాసిన పండితుని పేరు పెట్టిరనిన, ఆ జనులకు ఈ పానీయమునెడ నెంత గౌరవమో తెలియును.

మేము హాంకాంగులో నున్న దినములలో ఒక ఆదివారము, అచటి స్నేహితురాలొకతె మమ్ములను తన కుటుంబముతో పాటు యమ్ ఛాకు పిలిచెను. కౌలూను వైపునుండి స్టార్ ఫెర్రీ పడవలో సముద్రపుపాయ దాటి, రేవునుండి కొంచెము దూరము నడచి, సిటీహాలు అను కట్టడమును చేరితిమి. 1962లో తెరవబడిన ఈ కట్టడమును 2022లో రక్షితస్మారకముగా ప్రకటించిరి. దాని మేడమీదనే మాక్సిమ్స్ ప్యాలెస్ అను విశాలమైన భోజనశాల గలదు. వాకిట నొక చీటిపై మా వంతు సంఖ్య వ్రాసి యిచ్చిరి. మాకు ముందు ఎందరో యుండిరి. తాతలు కుర్చీలలో కూర్చుండి వార్తాపత్రికలు చదువుకొనుచుండిరి. పిల్లలు వారి మోకాళ్ల నడుమ నాడుకొనుచుండిరి. పెండ్లివారి విడిదివలె నున్నదే కాని, అంగడివలె లేదు.

సంఖ్య పిలువగనే లోనికి పోయితిమి. గుండ్రని పెద్దబల్లలు, పైని వ్రేలాడు దీపగుచ్ఛములు, చెవులు గింగురుమను సందడి. ఒకరి మాట ఒకరికి వినబడవలెనన్న గొంతెత్తి పలుకవలసినదే. బల్లల నడుమ సన్నని దారులలో స్త్రీలు చక్రముల బండ్లను త్రోసికొనుచు వచ్చుచుందురు. బండిపై వెదురుబుట్టలు ఒకదానిపై నొకటి పేర్చియుండును. 'హా గావ్! సియూ మాయ్!' అని వారు పలహారముల పేర్లను కేకవేయుదురు. మనకు కావలసినది చూపిన, మూత తీసి చూపి, బుట్టను బల్లపై నుంచి, మన బల్లపై నున్న అట్టచీటిమీద ముద్ర వేసి పోవుదురు. చిన్నది, నడిమిది, పెద్దది అని పలహారములకు తరగతులు గలవు. తుదకు ముద్రలను లెక్కించి వెల కట్టుదురు. భాష రానివారు సైతము వేలుతో చూపి కడుపు నింపుకొనవచ్చును.

ముందుగా వచ్చునది తేనీటి కూజా. ఏ తేయాకు కావలెనని యడుగుదురు. నల్లగా, మట్టివాసనతో నుండు పో లే యను దానిని పెద్దలు కోరుదురు. అది క్రొవ్వుగల పదార్థములను తిన్నప్పుడు మంచిదని వారి నమ్మకము. మల్లెపూలతో వాసన కట్టినదియు గలదు. పాలును చక్కెరయు చేర్చరు. మొదట పోసిన వేడినీటితో గిన్నెలను, తినుపుల్లలను కడిగి, ఆ నీటిని ఒక పాత్రలో పారబోయుదురు. తరువాత వయసున చిన్నవారు లేచి పెద్దల గిన్నెలలో ముందు పోయుదురు. తమకు చివర పోసికొందురు. పోసినప్పుడు గిన్నెగలవారు రెండువ్రేళ్లు వంచి బల్లపై మెల్లగా తట్టుదురు. అది కృతజ్ఞత. చీనాను 1735 నుండి 1796 వరకు ఏలిన కియన్‌లుంగ్ చక్రవర్తి మారువేషమున తిరుగుచు, ఒక తేనీటిశాలలో సేవకుని గిన్నెలో తానే తేనీరు పోసెననియు, రాజని బయటపడకుండ ఆ సేవకుడు సాష్టాంగమునకు మారుగా వ్రేళ్లు వంచి బల్లకు తాకించెననియు జనులు కథ చెప్పుకొందురు. కూజాలో నీరు తరిగినచో ఎవరిని పిలువ నక్కరలేదు. మూతను వాలుగా తీసియుంచిన చాలును, వేడినీరు తెచ్చి నింపుదురు.

పలహారములలో ఎక్కువ భాగము ఆవిరిమీద నుడికినవే గాన, ఇడ్లియు ఆవిరికుడుమును చేయు మన చేతులకు ఆ పద్ధతి తెలియనిది కాదు. మన పాత్రలలో ఆవిరి చల్లబడి మూతనుండి బొట్లుగా జారును. వెదురుమూత ఆ తడిని పీల్చుకొనును గాన, పైపొర చిమిడిపోదు. హా గావ్ అనునది రొయ్యలు పెట్టిన మడుపు. గోధుమపిండిలోని జిగురును కడిగివేయగా మిగిలిన గంజిపిండిని మరుగునీటితో కలిపి, పలుచగా ఒత్తి, అంచున మడతలు పెట్టి మూయుదురు. ఉడికిన పిదప పొర అద్దమువలెనయి లోపలి రొయ్య ఎఱ్ఱగా కనబడును. మన కజ్జికాయ అంచున చుట్టు నేర్పు చాలదు. అంతకంటె సన్నని మడతలు. ముల్లంగిని తురిమి, బియ్యపుపిండితో కలిపి ఆవిరిమీద నుడికించి, బిళ్లలుగా కోసి పెనముమీద కాల్చునది మరియొకటి. నానిన జిగురుబియ్యమును మాంసముతో తామరాకులో కట్టి యుడికించునది యింకొకటి. దాని మూట విప్పగనే, పనసాకుబుట్టలలో నుడికిన పొట్టిక్కలవలె, ఆకువాసన ముందు వచ్చును. నువ్వులద్ది నూనెలో వేచిన గుండ్రని యుండలు మన బూరెలకు దూరపు చుట్టములు.

శాకాహారులైన సోదరీమణులకు ఒక మాట. పంది, రొయ్య, కోడి లేని పలహారము ఈ శాలలలో అరుదు. ముల్లంగిబిళ్లలో ఎండురొయ్యలును మాంసపుముక్కలును కలుపుదురు; తీపివానిలో కూడ పందికొవ్వు వాడువారు గలరు. కంటికి కనబడకపోయినంత మాత్రమున లేదనుకొనరాదు; అడిగి తెలిసికొనవలెను. బౌద్ధులు వ్రతదినములలో తిను శాకాహారమును 'జాయ్' అందురు. ఆ పద్ధతిని డిమ్ సమ్ చేయు శాలలు వేరుగా నున్నవి. నియమము గలవారు అచటికి పోవుట మేలు. ఆ దినము మాకు స్నేహితురాలు ముందే విచారించి, ఆకుకూరయు, సాదా బియ్యపుపొర చుట్టలును తెప్పించెను.

తినుటకంటె మాకు వింతగా తోచినది వేరొకటి. మా బల్లచుట్టు మూడు తరములవారు కూర్చుండిరి. అత్త, కోడలు, ఆడపడుచు, పిల్లలు అందరును ఒకేసారి తినుచుండిరి. ఎవరును వంటింటికి లేచిపోవుట లేదు. ఏలయన, వంటిల్లే యచట లేదు. హాంకాంగులో ఇండ్లు మిక్కిలి యిరుకు. 2021 జనాభా లెక్కలలో మనిషికి మధ్యగత లెక్కన 16 చదరపు మీటర్ల చోటు తేలినది. అట్టి యింట పదిమంది బంధువులను పిలిచి విస్తళ్లు పరచుట యెట్లు? కావున వారి చావడి, వసారా, పంక్తి అన్నియు ఈ గుండ్రని బల్లయే. 2020 నుండి 2022 వరకు మహమ్మారి దినములలో కొన్ని మాసములు ఒక బల్లకు ఇద్దరికి మించి కూర్చుండరాదని ప్రభుత్వము శాసించినప్పుడు, పలహారమునకు కొదువ లేకున్నను యమ్ ఛా లేకపోయెనని స్నేహితురాలు చెప్పెను.

ఆమె అత్తగారికి ఎనుబదియేండ్లు దాటినవి. బండి త్రోయు స్త్రీ వచ్చినప్పుడెల్ల ఆమె ముందుగానే ఖాళీబుట్టలను ఒకదానిలో నొకటి పెట్టి అందించుచుండెను; ఏమి కావలెనో తడబడక చెప్పుచుండెను. అంత తొందర యెందులకని మేమడిగితిమి. కోడలు మాకు తెలియజెప్పినది యిది. ఆమె పదునారేండ్ల ప్రాయమున ఒక తేనీటిశాలలో పనిచేసెను. అప్పటికి బండ్లు లేవు. పళ్లెమును పట్టీతో మెడకు తగిలించుకొని, వేడి పలహారములను మోసికొని బల్లబల్లకు తిరుగవలెను. అత్తగారు నవ్వి, తన మెడవెనుక చేయి వేసి చూపి, 'నాకు తేనీరు కావలెనన్న మెట్లక్రింద నిలువబడి త్రాగెడుదానను. ఆమె కాళ్లు నాకు తెలియును' అనెను. ఇప్పుడు పలుశాలలలో బండ్లును పోయి, చీటిమీద గుర్తు పెట్టి యిచ్చుటయే మిగిలినది.

లేవబోవునప్పుడు ఆమె గ్రుడ్డుతో చేసిన తీపిబిళ్లలను ఒక పెట్టెలో కట్టించెను. ఎవరికని యడుగగా, తమ యింటి పనిమనిషికనెను. ఆమెతో పాటు క్రిందికి దిగితిమి.

ఆ కట్టడము చుట్టునున్న నడవలలోను, చౌకులలోను, వంతెనలమీదను ఆదివారమున వేలకొలది స్త్రీలు అట్టలు పరచుకొని కూర్చుందురు. ఫిలిప్పైన్సు, ఇండొనీషియా దేశములనుండి ఇంటిపనికై వచ్చినవారు. హాంకాంగులో వీరి సంఖ్య మూడులక్షలకు మించినది. యజమాని యింటనే నివసింపవలెనని 2003 నుండి నిబంధన గలదు. ఏడుదినములకు ఒకదినము విశ్రాంతి యీయవలెననియు చట్టము గలదు. తమకు ఇల్లు లేదు గాన, ఆ యొక్కదినము ఈ బహిరంగస్థలమే వారి యిల్లు. పాదరక్షలను అట్ట వెలుపల విడిచి, లోపల కూర్చుండి, జడలు వేసికొనుచు, ఇంటనున్న బిడ్డలతో ఫోనులో మాటలాడుచు, తెచ్చుకొన్నది పంచుకొని తినుచుందురు. గోదావరి, కడప ప్రాంతములనుండి కువైట్ మొదలగు దేశములకు ఇదే పనికై పోయిన మన స్త్రీలను మేము తలచుకొనకుండ నుండలేకపోతిమి.

పనిమనిషి పెట్టెను అందుకొని, లేచి, మమ్ములను కూర్చుండుమనెను. మేము సంకోచించుచుండగా ముసలామె ముందుగా చెప్పులు విడిచి అట్టపై కూర్చుండెను. అప్పుడు మేమును కూర్చుంటిమి. జిగురుబియ్యమును కొబ్బరిపాలతోను నల్లచక్కెరతోను వండిన తమ దేశపు తీపిని ఆమె కాగితపుపళ్లెములలో మా కందరికిని పెట్టి, తానును పెట్టుకొని, మాతో పాటు తినెను. ఆరుదినములు ఆ యింట వడ్డించునది ఆమెయే. ఆ యట్టపై మాత్రము ఆమె గృహిణి, మేము అతిథులము. వడ్డన ఒక్కటే యైనను, ఎవరి యింట నిలిచి వడ్డించుచున్నామను దానినిబట్టి దాని గౌరవము మారునని మాకప్పుడు తెలిసినది.

మన యిండ్లలో వండినచేయి కడపట తినుట పరిపాటి. అతిథిమర్యాదకు అది యవసరమని మనము చెప్పుకొందుము. కాని చిన్నవారు పెద్దలకు పోసి, పెద్దలు వ్రేళ్లు తట్టి మెచ్చుకొని, అందరును ఒకమారే తిను ఆ బల్లలయొద్ద మర్యాదకు లోపమేమియు మాకు కనబడలేదు. వెదురుబుట్టలు మన యూళ్లలో దొరకకపోవచ్చును, ఆవిరికుడుములు చాలును. వారమునకొక పూట అన్నియు ముందే వండి నడుమ నుంచి, ఎవరిది వారు వడ్డించుకొనునట్లు చేసి, ఇంటి యిల్లాలును, ఇంట పనిచేయు ఆమెయును ఆ పంక్తిలోనే కూర్చుండిన, ఆ పూట తిండికి రుచి యెక్కువగునో లేదో సోదరీమణులే చూచి చెప్పవచ్చును.