పర్లాకిమిడి కొట్టులో నాలుగు రోజులు

బరంపురంలో గుణుపురం బండి ఎక్కి పర్లాకిమిడిలో దిగేవారికి ఒక వింత అనుభవం కలుగుతుంది. ఎక్కిన ఊరు ఒడిశా, దిగిన ఊరూ ఒడిశాయే. మధ్యలో మాత్రం ఇచ్ఛాపురం మొదలు పాతపట్నం దాకా దారి పొడుగునా ఆంధ్రదేశం. నౌపడా దగ్గర పెద్దలైను విడిచి బండి లోపలికి మళ్ళుతుంది. పర్లాకిమిడి రాజావారు 1900లో రెండున్నర అడుగుల పట్టాల మీద నడిపించిన చిన్నబండి దారి ఇదే. ఇప్పుడు పెద్దపట్టాలు వేశారు. అయినా మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకా “చిన్నబండి” అనే అంటారు.

మేము బరంపురంలో ఒక చిన్న కంప్యూటరు సంస్థలో గుమాస్తా పని చేస్తున్నాము. మెట్రిక్‌తో చదువు చాలించినవారము. కంప్యూటరు విద్య మాకు లేదు. మా సంస్థ కిరాణా, బట్టల, మందుల కొట్లకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేరు అమర్చిపెడుతుంది. అమర్చే ఇంజనీరు కుర్రవాడు భువనేశ్వరంవాడు, బుద్ధిమంతుడు. కాని పర్లాకిమిడి కొట్లలో పద్దులు తెలుగులో ఉంటే అతడేం చేస్తాడు? 1936 ఏప్రిల్ 1న ఊరు ఒడిశాలో కలిసినా చిట్టా, ఆవర్జాలు చాలాచోట్ల తెలుగు విడిచిపెట్టలేదు. అందుచేత రెండు భాషలూ చదవగల మమ్మల్ని వెంట పంపుతారు.

మేము వెళ్ళినది ఒక కిరాణాకొట్టు. యజమాని నడివయస్సువాడు. గల్లాపెట్టె పక్కన చాప మీద డెబ్బై ఏళ్ళ గుమాస్తాగారు. యజమాని తండ్రి కాలంనుండి ఆ చాప మీదే ఉన్నారట. మొదటిరోజునే యజమాని మమ్మల్ని వీధిలోకి పిలిచి, “ఇది కుదిరితే పెద్దాయనను ఇంటిపట్టున ఉండమందామని ఉందండీ” అన్నాడు. మేమూ గుమాస్తాలమే. ఆ మాట విన్నాక ఆయన ముఖం వంక సూటిగా చూడలేకపోయాము.

కంప్యూటరు బల్ల మీద పెట్టడం అరగంట పని. సరుకుల జాబితా ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. గుమాస్తాగారు పెసలు అంటారు. సరుకందించే ఒడియా కుర్రవాడు ముగ అంటాడు. టోకు వ్యాపారి బిల్లులో ఇంగ్లీషులో గ్రీన్‌గ్రామ్ అని ఉంటుంది. ముగ్గురూ చెప్పినట్లల్లా ఎక్కిస్తే ఒక్క బస్తా మూడు సరుకులైంది. సాయంకాలానికి ముగ పేరుతో నలభై కిలోలు అమ్ముడుపోయి నిలువ సున్న కిందికి దిగింది. పెసలు మాత్రం మీద చెయ్యి పడకుండా కూర్చున్నాయి! చింతపండు–తెంతుళి, ఉలవలు–కొళథ, అన్నిటికీ ఇదే గతి. మూడు పేర్లనూ ఒకే సరుకు కిందికి తెచ్చి, ఏ పేరు కొట్టినా అదే వచ్చేటట్లు చేశాము.

పోనీ పెసలకు ఒక్క పద్దే చాలునా అంటే అదీ కాదు. గోతంలోంచి తూచి ఇచ్చే పెసలకు పన్ను లేదు. 25 కిలోల లోపు ముందే సంచికట్టి పేరు అచ్చువేసినవాటికి 2022 జూలై 18 నుండి 5 శాతం జీఎస్టీ. కనుక ఒకటి చేసినదాన్ని మళ్ళీ రెండు చేయవలసి వచ్చింది. గుమాస్తాగారు ఇది చూసి మొదటిసారి నవ్వారు.

ఆ ఊరికి ఇంకొక ముడి ఉన్నది. పాతపట్నంవారు ఎందరో ఇక్కడికే వచ్చి సరుకులు కొంటారు. ఒడిశా అంకె 21, ఆంధ్రకు 37. కొన్నవాడు జీఎస్టీ లేని మామూలు మనిషైతే, బిల్లు మీద అతని రాష్ట్రం పేరు రాసినామా, 2023 అక్టోబరు 1 నుండి అది పొరుగురాష్ట్రానికి అమ్మినట్లే లెక్క, పన్ను ఐజీఎస్టీ. ఏమీ రాయకపోతే కొట్టున్న చోటి లెక్కే. “ఏరు దాటితే ఉప్పు మారుతుందా నాయనా?” అన్నారు గుమాస్తాగారు. ఉప్పుకు అసలు పన్నే లేదని మేము చెప్పలేదు.

ఆయనకు మా మిషను మీద ఒక ఆక్షేపణ ఉన్నది, అది సబబైనదే. ఆ బిల్లుకాగితం వేడికి నల్లబడే రకం, సిరా ఉండదు. కొన్ని నెలలకు అచ్చు మాసిపోతుంది. పంట చేతికొచ్చాక తీర్చే బాకీకి అటువంటి కాగితం ఏం సాక్ష్యమని ఆయన ప్రశ్న. అరువు బిల్లులు మామూలు కాగితం మీదనే వేసేటట్లు ఒప్పుకున్నాము.

మూడవనాడు బాకీల ఖాతాలు ఎక్కించాము. గుమాస్తాగారికి ఒంట్లో బాగులేక ఆ పూట రాలేదు. ఒక స్త్రీ పేరు కొట్టగానే “ఈ పేరు ముందే ఉన్నది” అని మిషను నిరాకరించింది. ఒకే మనిషిని రెండుచోట్ల రాశారు కాబోలుననుకుని రెండు బాకీలూ కలిపేశాము. ఇంజనీరు కుర్రవాడు అడగనే అడిగాడు, “పెద్దాయనకు ఫోను చేద్దామా?” అని. “ఎందుకయ్యా, స్పష్టంగానే ఉన్నది” అన్నది మేమే.

నాలుగవనాడు ఉదయం కొట్టు తెరిచేసరికి మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉన్నది. కొంగుముడి విప్పి 360 రూపాయలు బల్ల మీద పెట్టింది.

“నా బాకీ ఇంతే. నాలుగు వేల ఎనిమిదొందల అరవై నానెప్పుడు తిన్నాను బాబూ?”

రాత్రి మిషను తనంతట పంపిన సందేశం అది. ఫోను ఆమె మనవడి దగ్గర ఉన్నది. ఇంగ్లీషులో వచ్చినదాన్ని వాడు చదివి, ఇంట్లో తెలియకుండా ఎవరికి సరుకులు మోస్తున్నావని నిలదీశాడట. రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

గుమాస్తాగారు అప్పటికి వచ్చి ఉన్నారు. ఆవర్జా తీసి అర నిమిషంలో పుట మా ముందుంచారు. పేరుకు పైన చిన్న అక్షరం: ఒకచోట ‘ఏ’, ఒకచోట ‘రా’. ఏటిగట్టు ఆమె ఒకరు, రాజవీధి ఆమె మరొకరు. మేము దాన్ని సిరా మరక అనుకున్నాము! 4,500 రాజవీధి ఆమెది.

మేము చేతులు జోడించి తప్పు మాదేనని చెప్పాము. ఆమె కదలలేదు. “మీరు నాకు సెప్తే ఏటి లాభం? ఆడు ఫోనులో సదివినాడు. ఫోనులోనే సెప్పండి.”

కుర్రవాడు ఫోను తీశాడు. ఏమని రాయాలో మాకు తోచలేదు. మా చెయ్యి ఆఫీసు ఉత్తరాలకు అలవాటుపడినది. “తమ ఖాతాలో పొరపాటున” అని మొదలుపెట్టాము. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో అటువంటి తెలుగు! గుమాస్తాగారు ఆపి, తానే చెప్పారు: “మీ మామ్మ బాకీ మూడువందల అరవై. అది ఈ ఉదయం తీర్చేసింది. రాత్రి వచ్చినది కొట్టువాళ్ళ తప్పు. మామ్మ తప్పేమీ లేదు.” ఉన్నదున్నట్లు రాసి పంపాము.

మనవడు తిరిగి ఫోను చేసేదాకా ఆమె మెట్ల మీదనే కూర్చున్నది. పది నిమిషాలు పట్టింది. వాడితో ఏమన్నదో మేము వినలేదు, లోపలికి వెళ్ళిపోయాము.

ఆ పూటంతా గుమాస్తాగారిని పక్కన కూర్చోబెట్టుకుని 212 ఖాతాలూ మళ్ళీ సరిచూశాము. పేరు పక్కన గుర్తు అని ఒక గడి పెట్టాము. అటువంటి జంటపేర్లు ఇంకా పదకొండు దొరికాయి. గుర్తు నిండని ఖాతాకు సందేశం పోకుండా కుర్రవాడు కట్టడి చేశాడు.

బండి వేళకు యజమాని స్టేషనుదాకా వచ్చాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, “ఆ గడిలో అక్షరాలు పెద్దవిగా కనబడేటట్లు చెయ్యగలరా? పెద్దాయనకు చూపు ఆనదు” అన్నాడు. కుర్రవాడు అక్కడే బెంచీ మీద కంప్యూటరు తెరిచాడు. పాతపట్నం దాటేసరికి ఆ పని అయిపోయింది.