అవధాని ఆగిపోయిన వేళ

ఉగాదికి వారం ముందు మా గన్నవరంలో బడిపిల్లలకు పద్యరచన పోటీ పెట్టాము. ఆటవెలది గాని, తేటగీతి గాని వ్రాసి, మా మేనల్లుడు తయారుచేసిన ఛందఃపరీక్ష పుటలో సరిచూచుకొని పంపవలెనని నియమం. పద్యాన్ని అందులో ఉంచితే గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, యతి కుదిరినదీ లేనిదీ చెబుతుంది. నలభై ఏళ్ళు నల్లబల్లపై నేను చేసిన పని అది క్షణంలో చేస్తుంటే మొదట కొంచెం ఈర్ష్య, తరువాత ముచ్చట కలిగాయి.

మూడవనాడు ఉదయం పదకొండు గంటలకు అది ఆగిపోయింది. పిల్లల తెరలపై చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి దానంతట అదే కదిలింది, మరల ఆగింది. పంతుళ్ళందరి ఎదుట నేను, "మావాడికి పని చేతనయింది కాని, శ్రద్ధ చేతకాలేదు" అనేశాను. ఆ మాట సాయంత్రానికి అతని చెవిన పడింది. మేనల్లుడు మా ఇంటనే ఉండి కేసరపల్లిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. ఇంటికి వచ్చి, నాతో ఏమీ అనక, ల్యాప్‌టాప్ తెరిచాడు. నేను కూడా ప్రక్కన కుర్చీ వేసుకొన్నాను, పశ్చాత్తాపంతో కాదు, తప్పు ఎక్కడుందో నా కళ్ళతో చూడాలన్న పట్టుదలతో.

అది ఎసింక్రనస్ సర్వరట. ఆ పదానికి నాకు అర్థమయ్యేట్టు అతడు చెప్పలేకపోయాడు గాని, చెప్పినంతలో నాకు అష్టావధానం కనిపించింది. అవధాని ఒక్కడు, పృచ్ఛకులు ఎనమండుగురు. సమస్య ఇచ్చినవారికి ఒక పాదం చెప్పి, వారు దానిని వ్రాసుకొంటుండగానే దత్తపది వారివైపు తిరుగుతాడు. అక్కడొక పాదం, వర్ణన వద్ద ఒక పాదం. మరుసటి ఆవృత్తిలో ఎవరి పద్యం ఎక్కడ వదిలాడో అక్కడనుండే ఎత్తుకొంటాడు. ఈ సర్వరూ అంతే. ఒకరి పనిలో డేటాబేసు జవాబు రావలసి ఉంటే, అది వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోక ఇంకొకరి పని చూస్తుంది. వెనుకటి పద్ధతిలో వచ్చిన ప్రతి అతిథికీ ఒక పరిచారకుణ్ణి కేటాయించేవారు. ఒకే సర్వరు పదివేల మందిని ఏకకాలంలో ఎలా ఆదరించాలన్న సమస్యను 1999లో డాన్ కెగెల్ వివరంగా వ్రాశాడు. 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్, 2009లో ర్యాన్ డాల్ చూపిన నోడ్ ఈ అవధాన మార్గం పట్టినవే. మావాడు వాడిన పైథాన్ భాషలోనికి ఈ సదుపాయం 2014లో అసింక్ఐఓ పేరుతో వచ్చింది.

అయితే ఒక పెద్ద భేదం ఉంది. అప్రస్తుత ప్రసంగి మరీ సాగదీస్తే సభలో సంచాలకుడు అడ్డుపడతాడు. ఇక్కడ సంచాలకుడు లేడు. చేతిలో ఉన్న పని తనంతట తాను 'ఇక నేను ఆగుతాను, మరొకరిని చూడండి' అంటేనే వంతు మారుతుంది. అది అనకపోతే అందరూ అలాగే నిలబడవలసిందే.

వెదకడంలోని కష్టం కూడా అక్కడే. ఆనాటి లాగులో ఎనిమిదేసి సెకన్లు పట్టినవారు యాభైమంది కనిపించారు. ఏ పనీ లేని ముఖపుట అడిగినవారికి కూడా ఎనిమిది సెకన్లే! బాధితుడూ దోషీ ఒకే వేషంలో ఉన్నారు. సగటు చూస్తే అంతా కులాసా: తొంభైతొమ్మిది మందికి 20 మిల్లీసెకన్లు, ఒకరికి 8 సెకన్లు పడితే సగటు 100 మిల్లీసెకన్లయినా కాదు. మార్కుల జాబితాలు వేసిన చేతులకు సగటు చేసే మోసం కొత్తది కాదు గాని, ఇంత నున్నగా చేస్తుందనుకోలేదు.

మామూలు ప్రోగ్రాములో ఎవరు ఎవరిని పిలిచారో ఆ వరుస ఒకచోట నిలిచి ఉంటుందట. ఇక్కడ పని ఆగి, మరల మొదలైనప్పుడల్లా ఆ వరుస తెగిపోతుంది. కనుక వచ్చిన ప్రతి విన్నపానికీ ఒక గుర్తు కట్టి, అది పోయిన చోటికెల్లా ఆ గుర్తును మోయించాలి. గూగుల్ వారు 2010లో డాపర్ పేరుతో ఈ జాడతీత గురించి పత్రం ప్రకటించారు. ఒక సర్వరు నుండి మరొక దానికి గుర్తును అందించే తీరును డబ్ల్యూ3సీ సంస్థ 2020లో ప్రమాణీకరించింది. అందులో గుర్తుకు 32 అక్షరాలు. మావాడు గుర్తులు కట్టాడు. దానితోపాటు ఒక చిన్న నాడిని అమర్చాడు: సెకనుకు పదిసార్లు కొట్టుకొని, ఎంత ఆలస్యంగా కొట్టుకొన్నదో వ్రాసుకోవడమే దాని పని. అసింక్ఐఓకు పరీక్షావస్థ ఒకటున్నది. అందులో ఉంచితే సెకనులో పదవవంతు మించి వంతు వదలని పనిని అదే ఎత్తిచూపుతుంది.

మర్నాడు పదకొండింటికి నాడి ఎనిమిది సెకన్లు ఆగింది. అందరి జాడలనూ ప్రక్కప్రక్కన పరిచాడు. మిగిలినవారి పని రెండు మూడు మిల్లీసెకన్లే. ఆ తక్కిన సమయమంతా వంతు కోసం ఎదురుచూపే. ఒక్కరి విన్నపం మాత్రం పద్యాన్ని శుభ్రపరిచే మెట్టులో ఎనిమిది సెకన్లూ ఊపిరి తీయకుండా పనిచేసింది. పాదాంతంలోని ఖాళీలను తొలగించే ఒకే ఒక పంక్తి అది. ఖాళీలు వరుసగా వచ్చి, చివర అక్షరం ఎదురైతే, ఆ పంక్తి మొదటి ఖాళీ నుండి చివరిదాకా వెళ్ళి విఫలమై, రెండవ ఖాళీ నుండి మరల మొదలుపెడుతుంది. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 34 నిమిషాలు పడిపోయింది ఇలాంటి పంక్తితోనేనని చూపించాడు. అక్కడ ఖాళీలు ఇరవైవేలు, పరీక్షలు దాదాపు ఇరవై కోట్లు.

"మన దగ్గర నలభైవేలున్నాయి మావయ్యా," అన్నాడు. అంటే ఎనభై కోట్లు.

"ఎవరు పంపారురా అన్ని ఖాళీలు?"

అతడు తెరను నావైపు త్రిప్పాడు. పంపినవారి పేరు నాదే. పాత అక్షరరూపంలో టైపు చేయించుకొన్న నా శతకాన్ని యూనికోడులోకి మార్చినప్పుడు మధ్యలోని ఖాళీ పుటలన్నీ ఖాళీ అక్షరాలుగా మారాయి. రోజూ టిఫిను చేసి, పదకొండింటికి దానిని ఆ పెట్టెలో పోసి, ఫలితం రాకపోతే మరల మరల మీట నొక్కినది నేనే.

ఆ పంక్తి తీసివేసి, వెనుకనుండి ఒక్కసారి లెక్కించే పద్ధతి పెట్టాడు. గణవిభజనను వేరే ప్రాసెస్‌కు అప్పగించాడు. ఆ బరువుపనిని అదే ప్రాసెస్‌లో మరొక థ్రెడ్డుకు ఇస్తే పైథాన్ తాళం వల్ల ప్రయోజనం ఉండేది కాదట. మరునాడు బడికి వెళ్ళి పంతుళ్ళందరి ఎదుట జరిగినది చెప్పాను. ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇంటికి వచ్చి శతకాన్ని మరల పెట్టాను. సెకను లోపే ఫలితం వచ్చింది: నలభైఏడవ పద్యం, మూడవ పాదం, నాలుగవ గణం, యతి కుదరలేదు. పద్యం తీసి చూచుకొన్నాను. నిజమే, కుదరలేదు.