చమురు చుక్క

చిన్న వస్తువును చిన్నచూపు చూడటం మనిషికి సహజం. ఆ స్వభావం ఎంతటి అనర్థానికి దారితీస్తుందో గ్రంథాల వల్ల గ్రహించి ఉండవలసిన నేను, ఒక రబ్బరు వలయం వల్ల గ్రహించాను.

మా స్వగ్రామం తెనాలికి సమీపాన, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉంది. నేను గుంటూరులో తెలుగు బోధిస్తుండగా, మా తమ్ముడు ఊళ్లో వ్యవసాయం చూసుకునేవాడు. నాన్నగారు కొన్న పాత ట్రాక్టరు మా పొలంతో పాటు ఇరుగుపొరుగు పొలాలకు కూడా దమ్ము చేసిపెట్టేది. ఆ కిరాయి సొమ్మే తమ్ముడి సంసారానికి ఆధారం.

ఒక వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు, కొట్టంలో ట్రాక్టరు కింద రూపాయి బిళ్లంత నల్లని మరక కనిపించింది. ఇంజనుకూ గేరు పెట్టెకూ నడుమనున్న క్లచ్ గది అడుగున ఒక సన్నని రంధ్రం ఉంది. అందులో నుండి చమురు చుక్కచుక్కగా రాలుతోంది.

"అన్నయ్యా, ఇంజను వెనక సీలు పోయినట్టుంది. పనులు మొదలయ్యేలోగా మేస్త్రికి చూపిద్దామా?" అన్నాడు తమ్ముడు. సీలు వెల వందల్లోనే ఉన్నా, దాన్ని మార్చే కూలి వేలల్లో అవుతుందని కూడా చెప్పాడు.

"చుక్క నూనెకు ఇంత హడావిడి దేనికిరా? తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండు. పంట చేతికి వచ్చాక చూద్దాం" అన్నాను.

డబ్బు సర్దవలసినవాణ్ణి నేను. అందుచేత వాడు మారుపలకలేదు. తరువాత రెండు మార్లు ఫోనులో అడిగాడు. రెండు మార్లూ విసుక్కున్నాను. ఆపైన వాడు అడగడం మానేశాడు.

ఆషాఢంలో కాలువలకు నీరు వదిలారు. ఊరంతా ఒక్కసారిగా దమ్ముల్లో దిగింది. చినికి చినికి గాలివాన అయిందన్నట్లు, మూడో రోజున మా ట్రాక్టరు పొరుగు రైతు మడిలో నిలిచిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది, చక్రాలు మాత్రం కదలవు. కారిన నూనె క్లచ్ ప్లేటుకు పట్టి, దాని పట్టు జారిపోయింది. నారుమళ్లలో నారు ముదిరిపోతోంది. మాట ఇచ్చి ముంచాడని గట్టు మీద నలుగురూ తమ్ముణ్ణి నిందించారు. వాడు తలవంచుకుని నిలబడ్డాడే గాని, అన్నయ్య వద్దన్నాడని ఒక్కరితోనూ అనలేదట.

కబురు అంది నేను వెళ్లేసరికి, బండిని మరొక ట్రాక్టరుతో లాగించి కొట్టానికి చేర్చారు. అరవై ఏళ్లు పైబడిన మేస్త్రిగారు రంధ్రం దగ్గరి నూనెను వేళ్ల నడుమ రుద్ది, వాసన చూశారు.

"గేరు ఆయిల్ అయితే చిక్కగా, ఘాటుగా ఉంటుంది మాస్టారూ. ఇది పలచగా, నల్లగా ఉంది. ఇంజనుదే. బండిని రెండు ముక్కలు చెయ్యాలి" అన్నారు.

ఇంత చిన్న వస్తువు కోసం అంత పెద్ద బండిని విడగొట్టడమా? కూలి కోసం పని పెంచుతున్నారేమోనని అనుమానించాను. అందుకే ఆ రెండు రోజులూ అక్కడే పీట వేసుకుని కూర్చున్నాను.

ఆ ట్రాక్టరుకు వేరే చట్రం లేదు. ఇంజను, క్లచ్ గది, గేరు పెట్టె ఒకదానికొకటి బిగిసి ఉండి, అవే దానికి వెన్నెముక అయ్యాయి. ముందుభాగం పక్కకు ఒరగకుండా ఇరుసుకు పైన చెక్క దిమ్మలు బిగించారు. బ్యాటరీ తీగలు, డీజిలు గొట్టాలు, స్టీరింగు కడ్డీలు విప్పి, రెండు సగాలనూ జాకీల మీద మెల్లగా ఎడం చేశారు. క్లచ్, ఫ్లైవీలు తొలగించిన పిదప, క్రాంక్ షాఫ్టు చివర అరచేయంత వలయం కనిపించింది. నిమిషానికి రెండు వేల మార్లు తిరిగే ఉక్కు కడ్డీని ఆనుకుని, లోపలి నూనెను కాపాడేది దాని పలుచని రబ్బరు అంచు. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడి పెళుసైంది.

పాతది తీసి కొత్తది తొడగడమే తరువాయి అనుకున్నాను. మేస్త్రిగారు అలా చేయలేదు. షాఫ్టును శుభ్రంగా తుడిచి, గోటితో గీచి చూశారు. "ఇక్కడ గాడి పడింది. సీలు అంచు మళ్లీ ఈ గాడిలోనే ఆనితే నాలుగు రోజుల్లో కారుతుంది. నున్నటి చోట ఆనేటట్టు కాస్త జరిపి కూర్చోబెడదాం" అన్నారు. ఆ తరువాత ఇంజనుకు గాలి పోయే బ్రీదరు గొట్టం విప్పి నా చేతికిచ్చారు. దుమ్ము, ఊక, జిడ్డు గడ్డకట్టి అది పూర్తిగా పూడుకుపోయింది.

"లోపల పుట్టే గాలి ఈ దారిన పోవాలి మాస్టారూ. దారి మూసుకుంటే ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలం తక్కువో అక్కడ నూనెను బయటికి తోస్తుంది. సీలు పాతబడిన మాట నిజమే. కాని తప్పంతా దానిదే కాదు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నలుడి కోసం ఏళ్ల తరబడి పొంచి ఉన్న కలి, ఆయన కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చిన ఒక్కనాటి ఏమరుపాటును ఆసరా చేసుకుని ప్రవేశించాడని నలోపాఖ్యానాన్ని ఎన్నో తరగతుల్లో వివరించాను. ఆ సందు మా కొట్టంలోనే కనిపిస్తే గుర్తించలేకపోయాను. అంతకన్నా పెద్ద పొరపాటు మరొకటి ఉంది. తమ్ముడి మాట వెలికి వచ్చే దారిని నేనే మూసివేశాను. దాని భారమంతా వాడొక్కడే మోశాడు.

కొత్త సీలు అంచుకు నూనె రాసి, చెక్కతో చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టారు. క్లచ్ ప్లేటు మార్చి, బండిని తిరిగి కలిపారు. రెండో రోజు సాయంకాలానికి ఇంజను మోగింది. మేస్త్రిగారు మొదట చెప్పిన కూలి కన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ అడగలేదు. నా అనుమానానికి నేను సిగ్గుపడ్డాను.

ఆ రాత్రి రంధ్రం కింద పరచిన కాగితం తెల్లవారేసరికి పొడిగా ఉంది. నేను తమ్ముడితో కలిసి పొలానికి వెళ్లి, గట్టు మీద ఉన్న రైతులతో, "వాడు వేసవిలోనే బాగుచేయిద్దామన్నాడు. వద్దన్నది నేను. తప్పు నాది" అన్నాను.

ఒక పెద్దాయన నవ్వి, "సరేలే బాబూ, ముందు దమ్ము కానివ్వండి" అన్నాడు. తమ్ముడు ఏమీ అనలేదు. ట్రాక్టరెక్కి, తలెత్తి మడిలోకి నడిపాడు.

ఇప్పుడు నేను ఫోను చేసినప్పుడల్లా, "ఏమైనా బాగుచేయించాలా?" అని ముందుగా నేనే అడుగుతాను. వాడు చెప్పడం పూర్తయ్యేదాకా వింటాను.