శోధకుడు

నరసాపురం రేవులో పంటు ఎక్కినప్పుడల్లా నాకో అంకె గుర్తొస్తుంది. 62. 1986 జూలైలో ఒక పన్నెండేళ్ళ పిల్లాడికి నేను కట్టిన వెల అది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. వారమంతా ఎం.ఇడి. చదువు, ఆదివారం పొద్దున చర్చిలో పిల్లలకు పాఠం. ఇంగ్లండు నుంచి 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం చుట్టుపక్కల మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ బోధ విని మారినవాళ్ళు మా పెద్దలు. మా ఇంట్లో సాతాను పేరు చుట్టం పేరంత మామూలుగా వినబడేది. పాలు విరిగినా వాడే, పరీక్ష పోయినా వాడే. వాడు మహా తెలివైనవాడనీ, చదువుకున్నవాళ్ళ మీద వాడి కన్ను ఎక్కువనీ మా నాన్న అనేవాడు. ఎక్కువ చదువుతున్నవాణ్ణి గనక ఆ మాట నాకు కాస్త గుచ్చుకునేది.

ఆ ఉక్రోషంతోనేమో, ఒక ఆదివారం నల్లబల్ల మీద సుద్దతో ఐక్యూ లెక్క రాశాను. మానసిక వయసును అసలు వయసుతో భాగించి నూటితో హెచ్చవేయాలి. "చెప్పండి, సాతాను ఐక్యూ ఎంతుంటుంది?" అని అడిగాను. ఒకడు రెండొందలన్నాడు, ఇంకొకడు వెయ్యి. "వాడు పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు, కాబట్టి భాగహారం కుదరదు" అన్నాను. అందరూ నవ్వారు.

వెనక బెంచీలో ఒక మామ్మగారు ఉండేవారు. వయసులో ఉండగా ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచి అన్నారు: "వాడు పరీక్ష రాసేవాడు కాదు బాబూ, పెట్టేవాడు. అరణ్యంలో యేసుప్రభువు దగ్గరికి వచ్చినప్పుడు మత్తయి వాడికి ఏం పేరు పెట్టాడో చూసుకో. శోధకుడు." ముసలావిడ చాదస్తం అనుకుని నవ్వేసి ఊరుకున్నాను. నేను రాస్తున్నది పరిశోధన వ్యాసమని, ఆ మాటలోనే శోధన కూర్చుని ఉందని అప్పుడు తోచలేదు.

ఆ వ్యాసం కోసమే పిల్లలకు ఐక్యూ పరీక్షలు పెట్టేవాణ్ణి. మన దేశంలో బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు ధార్వాడలో వి.వి. కామత్ 1934లో మలిచారు. తెలుగు పిల్లలతో సరిచూసిన కొలతలు నా చేతిలో లేవు. ఆ ప్రశ్నల్నే తెలుగులోకి మార్చుకుని, ఆ లెక్కలే వాడాను. ఇది నా మొదటి తప్పు. దీన్ని ఎవరూ పట్టుకోలేదు గనక నాకూ తప్పనిపించలేదు.

ఆ పిల్లాడు గోదావరి లంకలో ఉండేవాడు. రోజూ నావ మీద ఏరు దాటి బడికొచ్చేవాడు. వాళ్ళ నాన్నకు నావే జీవనం. తరగతిలో వెనకబడ్డాడని, సంగతేమిటో చూడమని ఒక పంతులుగారు నా దగ్గరికి పంపారు.

నేను గడియారం చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వాడు నా ముఖం చూడకుండా గడియారమే చూస్తున్నాడు. పెద్దవాళ్ళు అడిగితే తటాలున జవాబివ్వడం మర్యాద కాదని ఇంట్లో నేర్పిన పిల్లాడు వాడు. నేనేమో సెకన్లు లెక్కపెడుతున్నాను.

"పడవకీ బండికీ పోలికేంటి?" అన్నాను.

చాలాసేపు ఆలోచించి, "రేవు దాకా బండండి. ఆపైన పడవండి" అన్నాడు.

రెండూ వాహనాలు అనాలి. సున్నా వేశాను.

అంతా కూడితే మానసిక వయసు ఏడున్నరేళ్ళు తేలింది. పన్నెండుతో భాగించి నూటితో హెచ్చవేస్తే అరవై రెండున్నర; అర వదిలేసి 62 వేశాను. సాయంత్రం వాళ్ళ నాన్న వస్తే, చదువుకున్నవాడి ధీమాతో చెప్పేశాను: "మీవాడి బుద్ధి ఏడున్నరేళ్ళ దగ్గర ఆగిపోయింది." ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "ఆయ్, అలాగాండి" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. మర్నాటి నుంచి పిల్లాడు బడికి రాలేదు.

ఆగస్టులో గోదావరి వచ్చింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ఆ వరదను చూసినవాళ్ళు ఇప్పటికీ సంవత్సరం చెప్పరు, "ఎనభయ్యారు" అంటే చాలు. గట్లు తెగి కోనసీమ ఊళ్ళు నీళ్ళల్లో నానాయి. నీరు తీశాక బియ్యం, దుప్పట్లు పట్టుకుని లంకలకు వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. పిల్లాడి ఇంటిముందు బురదలో వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నాడు. పాక పోయింది. మనుషులు, గొడ్లు, గింజలు మాత్రం ముందుగానే గట్టెక్కాయి.

"ఎలా తెలిసిందండీ ముందే?" అన్నాను.

"మావోడండి. ఏటొడ్డున పుల్లలు గుచ్చేవోడండి. ఒకటి మునిగాక ఇంకోటి మునగడానికి ఎంతసేపు పడతాదో చూసుకున్నాడండి. రాత్రికి పాకలోకి వచ్చేస్తాదని పొద్దుటే చెప్పేశాడండి." ఒక్క క్షణం ఆగి, గొంతులో ఏ మార్పూ లేకుండా అన్నాడు: "ఏడున్నరేళ్ళోడండి."

ఆయన దెప్పాడో, నేను చెప్పిందే నమ్మి చెప్పాడో ఇప్పటికీ తెలీదు. రెండోదే అయితే నా పాపం ఇంకా పెద్దది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొలత గురించి ఎం.ఇడి.లో నేను చదివిందంతా ఆ పిల్లాడు ఏటొడ్డున చేసి చూపించాడు. వాడు ఒక్క పుల్లతో సరిపెట్టుకోలేదు. మళ్ళీ మళ్ళీ గుచ్చి, నీరు ఎంతుందని కాకుండా ఎంత వేగంగా పెరుగుతోందని చూశాడు. నేను ఒక మధ్యాహ్నం ఒక్క పుల్ల గుచ్చి, ఈ ఏరు ఇక్కడే ఆగిపోయిందని చెప్పి వచ్చాను.

ఆ తరవాత చదవాల్సినవి చదివాను. వెనకబడ్డ పిల్లలకు విడిగా పాఠాలు చెప్పించాలని ఫ్రాన్సు ప్రభుత్వం 1904లో కమిషన్ వేస్తే, వాళ్ళను గుర్తుపట్టడానికి మరుసటి ఏడు ఆల్ఫ్రెడ్ బినే ఈ పరీక్ష చేశాడు. తెలివి పెరగదు, తరగదు అనేవాళ్ళను ఆయనే 1909లో ఖండించాడు. నేను సుద్దతో రాసిన భాగహారం ఆయనది కానే కాదు. ఆయన పోయాక, 1912లో విలియం స్టెర్న్ పెట్టింది. దాన్నీ 1939లో డేవిడ్ వెక్స్‌లర్ పక్కన పెట్టేశాడు. నలభై ఏళ్ళవాడి మానసిక వయసు నలభై అంటే అర్థం లేదు కదా. ఈడువాళ్ళ సగటును 100 అనుకుని, దానికి ఎంత ఎగువన, ఎంత దిగువన ఉన్నాడో చూడటమే ఇప్పటి లెక్క. ముగ్గురిలో ఇద్దరు 85కీ 115కీ మధ్య ఉంటారు.

అంటే ఐక్యూ చెప్పేది వరసలో చోటు. ఏ వరసలో అన్నది ముందు తేలాలి. సాతానుకు ఈడువాళ్ళు లేరు గనక వాడికి ఐక్యూ లేదు; చర్చిలో నా హాస్యం అంతవరకూ సరైనదే. లంక పిల్లాణ్ణి ధార్వాడ పిల్లల వరసలో నిలబెట్టినప్పుడు అదే సంగతి మరిచిపోయాను.

పడవా బండీ జవాబు కూడా ఒంటరిది కాదని తెలిసింది. లైబీరియాలో క్పెల్లె రైతులకు కొన్ని వస్తువులిచ్చి జతచేయమంటే, కత్తినీ నారింజనీ కలిపారట, నారింజ కోసేది కత్తితోనే కాబట్టి. తెలివైనవాడు ఇలాగే చేస్తాడన్నారు. మరి తెలివితక్కువవాడు ఎలా చేస్తాడని అడిగితే, పనిముట్లన్నీ ఒకచోట, తిండివన్నీ ఒకచోట చకచకా పెట్టేశారు. అది చదివినప్పుడు నేను వేసిన సున్నా కళ్ళముందు తిరిగింది.

మామ్మగారి మాట అప్పుడు బోధపడింది. బైబిల్లోని యోబు కథలో సాతాను లెక్క తప్పింది ఎక్కడ? యోబుకున్న గొర్రెలు, ఒంటెలు, పిల్లలు, ఆరోగ్యం అన్నీ వాడికి తెలుసు. ఇవన్నీ తీసేస్తే ఈ మనిషి తిరగబడతాడని తేల్చాడు. ఉన్నవన్నీ లెక్కపెట్టి, మనిషిని తెలుసుకున్నాననుకున్నాడు. మా పాలకొల్లు మిత్రుడొకాయన దీనికి తారకాసురుణ్ణి జోడించాడు. సతీదేవి పోయింది, శివుడు తపస్సులో మునిగాడు, ఇక కొడుకెక్కడ అని లెక్కవేసి, శివుడి కొడుకు చేతిలోనే చావు కోరుకున్నాడు వాడు. తిరుగులేని తర్కం. చివరికి ఆ కొడుకే పుట్టి వాణ్ణి కొట్టాడు, వాడి మెడలోని లింగం అయిదు ముక్కలైంది. ఒకటి అమరావతిలో పడితే తక్కిన నాలుగూ ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లుల్లో, మా ఉమ్మడి గోదావరి జిల్లాల్లోనే పడ్డాయంటారు. తెలివికి ఒక హద్దుందని మా నేల మీద నాలుగు గుళ్ళు చెబుతున్నా నాకు వినబడలేదు.

పిల్లాణ్ణి మళ్ళీ బడిలో చేర్చమని రెండుసార్లు వెళ్ళి అడిగాను. "వద్దులెండి, ఆడికి నావ పని వచ్చేసిందండి" అన్నారు. చెప్పిన అంకెను వెనక్కి తీసుకోవడం నావల్ల కాలేదు. పరీక్షల మీద పగ పెట్టుకోలేదు గానీ, ఆ తరవాత ఏ తల్లిదండ్రులకూ అంకె ఒక్కటే చేతిలో పెట్టి పంపలేదు.

మొన్న వసిష్ఠ గోదావరి దాటుతుంటే, పంటు మీద పనిచేసే యాభై దాటిన మనిషి నా దగ్గరికొచ్చి, "మేస్టారండీ, గుర్తుపట్టారాండి?" అన్నాడు. కళ్ళను బట్టి పట్టాను. వాళ్ళ అమ్మాయి కొడుక్కి అయిదేళ్ళు, మాట సరిగా రాలేదట. వైకల్య సర్టిఫికెట్టుకు ఐక్యూ పరీక్ష చేయించమన్నారట. "చేయించమంటారాండి?"

చేయించమన్నాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం తెలివి ఒక్కటే కాదు, పిల్లాడు తన పనులు ఎంతవరకు చేసుకోగలడో కూడా చూస్తారని చెప్పాను. సాయం రావడానికి ఆ కాగితం పనికొస్తుందని, అలాంటి సాయం కోసమే ఈ పరీక్ష పుట్టిందని చెప్పాను. తోడు వస్తానన్నాను.

తలాడించి, ఏటికేసి చూస్తూ అడిగాడు: "అప్పుడు నాకెంతొచ్చిందండి? మా నాన్న చెప్పలేదండి."

దాచాలనిపించింది. దాచలేదు. "అరవై రెండు."

"వందకాండి?"

"వందకి కాదు."

"మరి దేనికండి?"

పంటు సఖినేటిపల్లి రేవుకు ఆనేదాకా నేను జవాబు కూడగట్టుకోలేకపోయాను.