ఇంజను లేని మోటారు వాహనం



1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఒక చమత్కారం ఉన్నది. తనంత తాను జానెడు దూరమైనా కదలలేని ట్రైలరును కూడా ఆ చట్టం మోటారు వాహనంగానే పరిగణించినది. వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి గనుక, నాకది ప్రత్యయం వంటిదనిపిస్తుంది. ముందు ప్రకృతి లేనిదే ప్రత్యయానికి నడక లేదు గదా!

చేవెళ్ళ, మొయినాబాదు మండలాలలో కూరగాయల సాగు, పూల సాగు ఎక్కువ. ఎరువు, గడ్డి, ఇటుక, ఏది కదలాలన్నా ట్రాక్టరు ట్రాలీయే దిక్కు. నా పూర్వవిద్యార్థి ఒకడికి అద్దెకు తిప్పే ట్రాలీలు నాలుగుండేవి. రాత్రిపూట ట్రాక్టర్లను ఇంటిముందు నిలుపుకొని, ట్రాలీలను రోడ్డు ప్రక్క మర్రిచెట్ల క్రింద విడిచేవాడు. ఒకనాటి వేకువకు ఒకటి మాయమైనది. దొంగకు ఇంజను తాళంతో పని లేదు. వేరొక ట్రాక్టరు తెచ్చి తగిలించుకొని పోయినాడు. అప్పు వాయిదాలు మాత్రం ఇతని మెడకే తగులుకొని ఉన్నవి. అంతకంటె విచారకరమైన సంగతి, ఊరివారి చూపు జీతానికున్న డ్రైవరు మీద పడడం.

మిగిలిన మూడింటికీ అతడు జీపీఎస్ ట్రాకర్లు అమర్చినాడు. "ఆకాశం నుంచి చూస్తూనే ఉంటుందట సార్" అన్నాడు. నిజానికి ఉపగ్రహం దేనినీ చూడదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున రోజుకు 2 ప్రదక్షిణలు చేస్తూ (చిలుకూరు బాలాజీకి మనవారు చేసే 108 ముందు ఇవేపాటి!) తన స్థానాన్నీ, కాలాన్నీ చాటుతూ ఉంటుంది, అంతే. కనీసం 4 ఉపగ్రహాల పలుకు విని, ట్రాకరే తానెక్కడున్నదో లెక్కగట్టుకొని, సిమ్ కార్డు ద్వారా యజమాని ఫోనుకు కబురంపుతుంది. సామాన్యులు వాడే సంకేతాలలో కావాలని కలుపుతూ వచ్చిన దోషాన్ని అమెరికా 2000 మే నెలలో తొలగించిన పిమ్మటనే ఈ లెక్క ఇంత నమ్మదగినదైనది.

లారీలోనైతే ట్రాకరుకు బండి బ్యాటరీ ఉన్నది. ట్రాలీకి అదీ లేదు. అందుచేత సొంత బ్యాటరీ కలిగి, బండి కదలనంతసేపు నిద్రించి, కుదుపు తగలగానే మేల్కొనే రకం కావాలి. ఇనుపరేకు క్రింద దాచితే దానికి ఆకాశవాణి వినబడదు. పైన పెడితే దొంగ కంటబడుతుంది. ఫోనులోని పటం మీద గిరి గీసి ఉంచితే, ట్రాలీ ఆ లక్ష్మణరేఖ దాటగానే గంట మోగుతుంది.

ఇంతలో డ్రైవరు నన్నడిగినాడు: "ఇది దొంగ కోసం పెట్టిండా సారూ, నా కోసం పెట్టిండా?"

నా శిష్యుడు తల వంచుకొన్నాడు. నేనన్నాను: "నాయనా, రాత్రి ట్రాలీ విప్పిన తరువాతనే గిరి గీయి. ఆ గంట మీ ఇద్దరి ఫోన్లలోనూ మోగనీ. పగలు అతడెక్కడ టీ త్రాగినాడో నీకెందుకు?"

అట్లే చేసినాడు. కొక్కానికొక తాళం కూడా వేయించినాడు. గంట మోగి మనిషి చేరేలోగా దొంగను ఆపేది ఇనుమే గాని ఉపగ్రహం కాదు. పోయిన ట్రాలీ ఇంతవరకు దొరకలేదు. డ్రైవరు మాత్రం పని మానలేదు. ఇప్పుడు రాత్రి గంట మోగితే మొదట లేచేది అతడేనట.

అన్నట్లు, ట్రాకరును 'జాడరి' అందామా? అంతకన్న మంచి మాట మీకు తోస్తే తెలుపగలరు.