కాలజ్ఞానంలో ఒక యుద్ధపు పుట

జోస్యానికి కర్త ఎవరో తేల్చాలంటే, అది ఎంత నిజమైందన్న దానికన్న ఎక్కడ తడబడిందన్నదే ముఖ్యం. జరిగినంత మేరకు స్పష్టంగా పలికి, ఆ మీదట మసకబారిన చోటనే రాసినవాడు కూచుని ఉంటాడు. బైబిలులోని దానియేలు గ్రంథంమీద మూడవ శతాబ్దంలోనే పోర్ఫిరీ ఈ పరీక్ష పెట్టాడు. బాబిలోను ప్రవక్త పేరనున్న ఆ యుద్ధాల వర్ణన క్రీ. పూ. 165 ప్రాంతంలో, అంతియోకస్ పీడన నడుమ పుట్టిందని నేటి పండితులు పెక్కుమంది అంగీకరిస్తారు.

పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని ఐతిహ్యం. ఆ తాటాకులు చింతచెట్టు కింద పాతిపెట్టారంటారు. జనంలో తిరిగినవి మాత్రం చేతులు మారిన ప్రతులే.

అటువంటి చేతిరాత నోటుపుస్తకం ఒకటి నాకా ఊళ్ళో దొరికింది. రాసినవాని పేరు లేదు. ఒక పుట నిండా యుద్ధమే: తూర్పుదేశపు బియ్యం ఓడలు ఆగుతాయట, సర్కారు గింజలు తూచి ఇస్తుందట, కిరసనాయిలు కరువై దీపాలు వెలగవట, ఇనుము దొరకక కొలుములు చల్లారుతాయట. తరువాత వీరభోగవసంతరాయలు వచ్చి ధర్మం నిలుపుతాడట. ఎప్పుడో, ఎలాగో లేదు.

కిరసనాయిలు పదిహేడవ శతాబ్దపు మాట కాదు. జపాను బర్మాను ఆక్రమించి అక్కడి బియ్యం ఆగిపోయింది 1942లో. 1945 ఆగస్టులో ఒక్కొక్క బాంబుతో రెండు నగరాలు బూడిదయ్యాయి. ఆ ఊసే పుటలో లేదు. కనుక రచన ఈ రెంటి నడుమదే కావాలి. గాదె నిండినవానికి తూచి ఇచ్చే గింజల బెంగ ఉండదు. కొలిమి చల్లారడం కమ్మరికే ముందు తెలుస్తుంది. కర్త ఒక కమ్మరి అని నా ఊహ.

ఇది దొంగరాత అని పారేసే హేతువాదితో నాకు పేచీ ఉంది. 1948 దాకా నవాబు ఏలిన ఊరది. అక్కడ కమ్మరి మొర ఆలకించేదెవరు? అందుకే దూదేకుల సిద్దయ్యను శిష్యునిగా చేరదీసిన గురువు పేరున చెప్పుకున్నాడు. జోస్యంగా అది చెల్లదు; సాక్ష్యంగా చెల్లుతుంది. సంస్థానపు దస్తరాలు ఎంత భద్రంగా దాచుతామో, ఇటువంటి నోటుపుస్తకాలనూ అంత భద్రంగా దాచాలి.

2020లో కరోనా కూడా కాలజ్ఞానంలో ఉందని ప్రచారం సాగింది. విద్యార్థులు దానికీ ఈ పరీక్షే పెట్టాలి: రాసిందెవరు, ఏ బాధతో, ఎవరి లాభానికి?