బాణం గుర్తు వెనకాల ట్రే

విశాఖలో మల్కాపురం వైపు వెళ్ళినవాళ్ళకి రిఫైనరీ స్తంభాలు తెలిసే ఉంటాయి. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన ఆ రిఫైనరీ ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌ది. కెమికల్ ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేరులో పడ్డ నాలాంటివాళ్ళకి మాత్రం స్తంభమంటే తెరమీద ఓ నిలువు డబ్బా, పక్కనుంచి నాలుగు బాణాలు. డీజిల్ బాణం మీద నొక్కి గంటకి 100 ఘనపు మీటర్లు అని కొడితే సిమ్యులేటరు కిక్కురుమనకుండా 100 ఇచ్చేస్తుంది. నా పేచీ ఈ బాణంతోనే.

అసలు స్తంభంలో ఏం జరుగుతుందంటే, కొలిమిలో 350-370 డిగ్రీలకి కాగిన ముడిచమురు ఆవిరై పైకి పోతుంటుంది, చల్లారిన ద్రవం ఒక ట్రే మీంచి ఇంకో ట్రే మీదకి దిగుతుంటుంది. ట్రే మీద ఉండేది కుండలో నీళ్ళలాంటిది కాదండీ, పొంగుతున్న పాలలాంటి నురగ. దాన్ని పక్క గొట్టంలోకి లాగితే బుడగలూ వెంటపడి వస్తాయి.

నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెట్టి వంచితే ఏమవుతుంది? గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. నూనె దిగే దారిలోనే గాలి ఎదురెక్కాలి మరి. అందుకే మన ఇళ్ళల్లో రెండో చిల్లు పెడతారు. ఇక్కడా అంతే. గొట్టంలో చిక్కిన ఆవిరి వెనక్కి పోవడానికి దారి లేకపోతే ద్రవం దిగదు. వాల్వు పూర్తిగా తెరిచినా ప్రవాహం పెరగదు. అప్పుడు పంపు చాలట్లేదని పెద్ద పంపు తెస్తే ఏం లాభం? అడ్డం పంపుకి ముందే ఉంది కదా! కావలసింది బుడగలు విడిపోయేంత లోతైన గుంట, వెడల్పాటి నాజిల్, లేదా రెండో చిల్లులాంటి వెంటు గొట్టం. నిలువుగా దిగే గొట్టంలో ఫ్రూడ్ నంబరు 0.3 దాటనివ్వొద్దని పాత లెక్క.

రెండో గొడవ కారడం. ద్రవాన్నంతా పట్టాల్సిన చిమ్నీ ట్రే అతుకుల్లోంచి కారితే, డీజిల్‌గా అమ్మాల్సిన సరుకు కిందకి జారి అడుగు మడ్డిలో కలుస్తుంది. పోనీ అన్నీ బిగించి వెల్డింగు చేసేద్దామా అంటే, వేడికి సాగే రేకుకి చోటు వదలకపోతే అదే చీలుతుంది.

ఇవేవో అరుదైన ముచ్చట్లు కావు. హెన్రీ కిస్టర్ 2003లో స్తంభాలు మొరాయించిన 900 ఉదంతాలని వడపోసినప్పుడు, మధ్యలోంచి ద్రవం తీసే చోట్లు ముఖ్యమైన కారణాల్లో ఒకటిగా తేలాయి. మనకి కాలేజీలో మెక్కేబ్-థీలే గీతలు (1925 నాటివి!) గీయించి ట్రేలు ఎన్నో లెక్కపెట్టించారు. చిల్లు ఎంతుండాలో ఎవరూ అడగలేదు.

సాఫ్ట్‌వేరుని తప్పుపట్టట్లేదు, అది వేడి, పదార్థాల లెక్క చూస్తుంది. చిల్లు సంగతి దాని పని కాదు. ఆ తేడా తెలియక, తెరమీద నడిచింది కాబట్టి ప్లాంటులోనూ నడుస్తుందనేవాళ్ళతోనే చిక్కు. చిమ్నీ ట్రే కారుతోందో లేదో తేల్చడానికైతే ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. మరమ్మతులకి స్తంభం తెరిచినప్పుడు ట్రే నిండా నీళ్ళు పోసి, మట్టం దిగుతుందేమో కాసేపు చూస్తూ కూచుంటారు :-)